మేత అయిపోయింది

రాలే ముందు చుక్క కాసేపు ఆలోచిస్తుంది. సన్నటి గొట్టం చివర వేలాడుతూ, పొట్ట నింపుకుంటూ, ఎదుటి కిటికీని తలకిందులుగా తనలో చూపిస్తూ, ఇక ఉండలేనన్నట్టు జారిపోతుంది. కింద గాజు కొలపాత్రలో ఒక చిన్న వలయం లేచి అణిగిపోతుంది. ఇరవై చుక్కలైతే ఒక గీత నిండుతుంది. ఆ గీతల్ని ఇరవై ఆరేళ్లుగా లెక్కపెడుతున్న మనిషిని ఆ పరీక్షాశాలలో అందరూ చుక్కలక్క అంటారు. హాజరు పుస్తకంలో వేరే పేరుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఆలస్యంగా తిరిగి చూస్తుంది.

పరీక్షాశాల అంటే పెద్దదేమీ కాదు. చమురు శుద్ధి కర్మాగారం గోడకు ఆనుకుని ఉన్న ఒక పొడవాటి గది. అందులో ఆరు ఉక్కు గొట్టాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కోటీ మనిషి చెయ్యి పొడవు, ఒంటి నిండా వేడిపెట్టే దుప్పట్లు చుట్టుకుని ఉంటాయి. గోడకు అవతల మూడంతస్తుల ఎత్తున్న పాత్రల్లో జరిగే పనే ఇక్కడ టీ గ్లాసెడు సరుకుతో జరుగుతుంది. డీజిల్లో దాక్కున్న గంధకాన్ని బయటికి లాగడం, అదీ పని. గంధకం పోని డీజిల్ కాలితే ఆ పొగ గొంతును గీసుకుంటూ దిగుతుంది. వానతో కలిసి గోడల మీదకి, ఆకుల మీదకి పులుపై వస్తుంది.

గంధకాన్ని లాగేవాటిని పుస్తకాల్లో ఉత్ప్రేరకాలంటారు. ఆ గదిలో ఆ మాట ఎవరూ అనరు. గుళికలంటారు. పెన్సిల్ ముల్లంత సన్నగా, విరిచి చూస్తే మూడు రేకుల ఆకులా ఉంటాయి. వచ్చేటప్పుడు లేత నీలం రంగులో, ఇంకా ఏమీ తెలియని ముఖాలతో వస్తాయి. వాటిని అలాగే పనికి పెట్టకూడదు. గంధకాన్ని పట్టుకోవాల్సిన గుళికకు ముందుగా గంధకమే తినిపించాలి. కుళ్లిన క్యాబేజీ వాసన వేసే ఒక ద్రవాన్ని హైడ్రోజన్‌తో కలిపి, నెమ్మదిగా వేడి పెంచుతూ, కొంచెం కొంచెంగా పంపాలి. గుళికలోని లోహం ఆ గంధకాన్ని తీసుకుని, తనలో ఉన్న ఆక్సిజన్‌ని నీళ్లుగా వదిలేస్తుంది. చుక్కలక్క లెక్కపెట్టేది ఆ నీళ్లనే. ఎంత నీరు రాలితే లోపల అంత కడుపు నిండినట్టు.

దీన్ని అక్కడ మేత అంటారు. పరగడుపున ఉన్న గుళికను ఎక్కువ వేడిలో ఉత్త హైడ్రోజన్‌కి వదిలేస్తే దానిలోని లోహం బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత పెట్టినా పూర్తిగా తేరుకోదు. అందుకే రెండువందల ముప్పై డిగ్రీల దగ్గర ఆగాలి. గుళికలకి చాలినంత అందాక మిగిలిన గంధకం కుళ్లిన గుడ్డు వాసనతో గొట్టం అవతలి చివర నుంచి బయటికి వస్తుంది. ముక్కును నమ్మడానికి లేదు. ఆ వాయువు కాస్త ఎక్కువైతే ముక్కే మొద్దుబారి, అంతా బాగానే ఉందని అబద్ధం చెబుతుంది. కాబట్టి సీసపు ఉప్పు పట్టించిన ఒక తెల్ల కాగితం ముక్కను తడిపి, పొగను పైకి లాగేసే గాజు గూటి లోపల గొట్టం మూతికి పట్టాలి. అది నల్లబడితే మేత ముగిసిందని అర్థం. అప్పుడే వేడి పెంచాలి. ఆ కాగితాన్ని ఆరబెట్టి, షిఫ్టు పుస్తకంలో అతికించి, పక్కన టైము వెయ్యాలి.

చుక్కలక్క ఇక్కడికి వచ్చింది సీసాలు కడగడానికి. వాళ్లమ్మ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల దుప్పట్లకి, తెరలకి అంచులు కుట్టేది. తెల్లవారింది మొదలు మిషను చప్పుడు. చిన్నప్పుడు ఆ చప్పుడును లెక్కపెడుతూ నిద్రలేచేది చుక్కలక్క. ఆ లెక్క అలవాటే ఆమెను ఈ స్టూలు మీద కూర్చోబెట్టింది. సీసాలు కడుగుతూనే ఒకరోజు, అప్పటి ఆపరేటరుతో, "అన్నా, నిన్న నిమిషానికి తొమ్మిది చుక్కలు పడ్డాయి, ఇవాళ ఆరే పడుతున్నాయి" అంది. అతను నవ్వి, నవ్వు సగంలో ఆపి, గొట్టం విప్పి చూస్తే లోపల బిగింపు వదులైంది. అప్పటినుంచి సీసాలు ఇంకొకరు కడుగుతున్నారు.

ఆ స్టూలుకు వీపు ఆనించే చెక్క లేదు. మోకాళ్లు ఈ మధ్య మెట్లెక్కేటప్పుడు మాట్లాడుతున్నాయి. వచ్చే నెల నుంచి కొత్తగా చేరేవాళ్లకి పని నేర్పే బాధ్యత ఆవిడకే ఇస్తానని పెద్దసారు చెప్పాడు. కిటికీ దగ్గర ఒక బల్ల, వీపు ఆన్చుకునే కుర్చీ, చేతికి సుద్దముక్క. ఇరవై ఆరేళ్లలో షిఫ్టు పుస్తకంలో ఆవిడ రాసిన పేజీల్లో ఒక్క ఎర్రగీత లేదు. తప్పు జరిగితే ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి, కింద కారణం రాయడం అక్కడి పద్ధతి. ఆ కుర్చీ సంగతి చుక్కలక్క ఇంట్లో మెల్లగా చెప్పింది. అత్తగారు వీధికి గట్టిగా చెప్పింది.

రెండేళ్ల కిందట ఆ గదికి డాక్టరమ్మ వచ్చింది. మందుల డాక్టరు కాదు, రసాయనాల డాక్టరు. పోసుకున్న టీ చల్లారేదాకా మరిచిపోయే మనిషి. గుళికలు తయారుచేయడంలో ఆమెది ఒక కొత్త పద్ధతి. ఒకరోజు ఆ సంగతే చెప్పింది.

"అక్కా, గుళిక లోపల లోహం, గంధకం కలిసి పల్చటి రేకుల్లా ఉంటాయి. రేకు మధ్యలో ఏ పనీ జరగదు. పనంతా అంచుల మీదే."

"మరి మధ్యలో ఉన్నవాళ్లు ఏం చేస్తారు?"

"ఊరికే కూర్చుంటారు."

"అచ్చం మన ఆఫీసులాగే."

డాక్టరమ్మ నవ్వింది. చుక్కలక్క చూపు మాత్రం చుక్క మీదే ఉంది. "మా అమ్మ అంచులు కుట్టేది" అంది. "ఒక దుప్పటికి అంచు కుట్టడానికి గంట పట్టేది. అదే దుప్పటిని చేతిరుమాళ్లుగా కోస్తే రోజంతా కుట్టినా అంచులు తరిగేవి కావు. అంచులే కావాలనుకుంటే గుడ్డను చిన్నగా కొయ్యాలి మరి."

డాక్టరమ్మ చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "నేను రెండేళ్లుగా చేస్తున్నది అదే అక్కా. లోహపు నీళ్లలో నిమ్మపులుపు లాంటిది కలుపుతున్నా. అది ఉంటే లోహం ముద్ద కట్టదు. చిన్నచిన్న రేకులుగా విడివిడిగా సర్దుకుంటుంది. మామూలు గంధకం ఏ గుళికతోనైనా పోతుంది. చివర్లో మిగిలేది మొండి రకం. తన గంధకానికి అటూ ఇటూ భుజాలు అడ్డం పెట్టుకుని కూర్చుంటుంది. దాన్ని పట్టాలంటే అంచులు ఎక్కువ కావాలి."

ఆ సాయంత్రం ఇంట్లో చుక్కలక్క ఇదంతా భర్తకు చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఒకప్పుడు ఆయన చొక్కా కాలరు ఎన్నిసార్లు ఉతికినా నల్లగానే ఉండేది. ఇప్పుడు డీజిల్ మారింది, కాలరూ మారింది.

"అంటే గంధకం వచ్చి అంచు మీద ఖాళీగా ఉన్న చోట కూర్చుంటుందా?" అన్నాడాయన.

"ఆ. కూర్చోగానే హైడ్రోజన్ వచ్చి దాన్ని లేపి తీసుకుపోతుంది. చోటు మళ్లీ ఖాళీ."

"సీట్లో నుంచి లేచాడు, దిగాడు, ఇంకొకడు ఎక్కాడు. బస్సుకేం కాలేదు. ఇది నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిందే కదా. దీనికి డాక్టరు చదవాలా?"

"మీ బస్సులో మధ్య సీట్లలో కూడా కూర్చుంటారండీ."

"అయితే నా బస్సే మేలు" అని ఆయన దుప్పటి కప్పుకున్నాడు.

డాక్టరమ్మ రెండు గ్లాసుల గుళికలు తయారుచేసింది. ఒక గ్లాసు నాలుగో గొట్టంలోకి వెళ్లింది. రెండోది మూత బిగించిన సీసాలో బీరువాలో ఉండిపోయింది. మేత పెట్టే రోజు పొద్దుటి షిఫ్టు మీసాలాయనది. మీసం ఆయనకి ఉద్యోగం కన్నా సీనియరు. చుక్కలక్కది మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే షిఫ్టు.

ఆరోజు వాన పడింది. వంతెన కింద నీళ్లు నిలిచి, బస్సు పన్నెండు నిమిషాలు ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఆలస్యంగా రావడం అది మూడోసారో నాలుగోసారో. ఇంటికి తీసుకెళ్లే కంపెనీ బస్సు తప్పిపోతుందని మీసాలాయన అప్పటికే వెళ్లిపోయాడు. గొట్టం దగ్గర పక్క ఆపరేటరు నిలబడి ఉన్నాడు. అతనికి ఏమీ తెలియదు. పుస్తకం తెరిచి ఉంది. మీసాలాయన గుండ్రటి అక్షరాల్లో చివరి వాక్యం ఇలా ఉంది:

"మేత అయిపోయింది. చూసుకోగలరు."

పక్కన అతికించిన కాగితం ముక్క ముదురు రంగులో ఉంది. ట్యూబులైటు వెలుతురులో నల్లగానే కనిపించింది. మేత సీసా వైపు చూసింది. ఖాళీ. మేత ముగిసింది కాబట్టి సీసా ఖాళీ అయిందనుకుంది. పంపు తన పాత చప్పుడు తను చేసుకుంటూనే ఉంది. కడుపులో ఏమున్నా లేకపోయినా దాని పాట ఒక్కటే. తనే ఒక కాగితం తడిపి మూతికి పట్టి చూడాలి. ఎప్పుడూ చూసేది. కానీ చేతులు వానకి తడిగా ఉన్నాయి, జడలోంచి నీళ్లు కారుతున్నాయి, అప్పటికే పన్నెండు నిమిషాలు పోయాయి. ఆయన చూశాడు కదా అనుకుంది. పంపు ఆపి, వేడి పెంచే మీట తిప్పింది.

ఆ షిఫ్టు ముగిసేసరికి కొలపాత్రలో ఏడు గీతల నీళ్లున్నాయి. లెక్క ప్రకారం పదకొండు రావాలి. మిగతాది గొట్టాల్లో ఎక్కడో నిలిచిపోయి ఉంటుందిలే అనుకుని, ఉన్నది ఉన్నట్టు "ఏడు" అని రాసింది. ఆ అంకెను రాసేటప్పుడు కలం కాసేపు ఆగింది.

రెండు వారాలు రోజూ కొలిచాక ఫలితం తేలింది. పాత గుళికలు డీజిల్లో గంధకాన్ని పదిలక్షల వంతుల్లో పద్దెనిమిదికి దించేవి. పదికి దించాలన్నది ఆశ. డాక్టరమ్మ గుళికల దగ్గర అంకె అరవై రెండు దగ్గర మొండికేసి కూర్చుంది. అంతటితో పెద్దసారుకు పైనుంచి ఫోను. శుక్రవారం పొద్దున మీటింగు. ఆ పద్ధతిని పక్కన పెట్టాలో వద్దో తేల్చడానికి. పక్కన పెడితే డాక్టరమ్మకు ఆ నెలాఖరే ఆఖరు.

బుధవారం చుక్కలక్కకి సెలవు. సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు వలుస్తోంది. వంట ఆరోజు అత్తగారిది. భర్త డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, వంటింటి వైపు మెడ సాచాడు.

"అమ్మా, కూర అయిపోయిందా?"

"అయిపోయిందిరా."

ఆయన కంచం పట్టుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. గిన్నె మూత తీశాడు. గిన్నె అడుగున గరిటె ఒక్కటే పడుకుని ఉంది.

"ఏదీ?"

"అయిపోయిందన్నాను కదరా. పక్కింటావిడ చుట్టాలొచ్చారంటే ఇచ్చేశాను. నీ పెళ్లాం మళ్లీ వండుతోంది చూడు."

"అయిపోయిందంటే, అయిందేమో అనుకున్నా."

"అయ్యి, అయిపోయింది. తెలుగు రాదా నీకు?"

ఆయన నవ్వుతూ కంచం పక్కన పెట్టాడు. చుక్కలక్క నవ్వలేదు. చేతిలో ఉల్లిపాయ సగం వలిచి ఉంది. అయిపోయింది. ఆ మాట ఆమె చెవిలో రెండుగా చీలింది. మీసాలాయన గుండ్రటి అక్షరాలు కళ్ల ముందుకు వచ్చాయి. సీసాలో మేత నిండుకుందనే ఆయన రాశాడు. మళ్లీ నింపి చూసుకోమన్నాడు. తను మాత్రం మేత పెట్టడం ముగిసిందని చదువుకుంది. ఏడు గీతల నీళ్లు. మిగిలిన నాలుగు గీతలు గొట్టాల్లో ఎక్కడా నిలిచిపోలేదు. అవి అసలు పుట్టనే లేదు.

"ఏమైందోయ్?" అన్నాడు భర్త.

"ఉల్లిపాయలండీ" అంది కళ్లు తుడుచుకుంటూ. కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. ఎందుకున్నాయో ఎవరూ అడగనక్కర్లేని నీళ్లు.

గురువారం షిఫ్టుకి గంట ముందే వెళ్లి పుస్తకం తీసింది. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, అతికించిన కాగితం ముక్కను చూసింది. నలుపు కాదది. చిక్కటి టీ రంగు. గంధకం అప్పుడప్పుడే గుమ్మం దాకా వచ్చి తొంగి చూసిన రంగు.

పుస్తకం మూసింది. ఆ కిటికీ దగ్గరే బల్ల వేస్తామన్నారు. చోటు కొలిచి, నేల మీద సుద్దతో గుర్తు కూడా పెట్టారు. ఎవరికీ చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఏడు అన్న అంకె అక్కడే ఉంది. రెండు వారాలుగా ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. చుక్కలక్క రాసిన అంకెను ప్రశ్నించే అలవాటు ఆ గదికి లేదు. ఆ నమ్మకమే ఇప్పుడు బరువుగా ఉంది.

తూకం గదిలో డాక్టరమ్మ గాజు తలుపుల తక్కెడ ముందు వంగి, తెల్లటి పొడిని చెంచా కొసతో తీసి వెనక్కి పోస్తోంది.

"ఏం చేస్తున్నారు డాక్టరమ్మా?"

"పులుపు తగ్గిస్తున్నానక్కా. అదే ఎక్కువైనట్టుంది. రేపు మీటింగులో, తగ్గించి ఇంకొక్కసారి చేస్తానని అడుగుతా. ఒప్పుకోరనుకోండి. అయినా అడుగుతా."

చుక్కలక్క గుమ్మంలోనే నిలబడింది. తను నోరు విప్పకపోతే ఈ అమ్మాయి బాగున్నదాన్ని చెడగొట్టుకుంటుంది. తర్వాత ఇంకెవరో ఆ చెడినదాన్ని పట్టుకుని ఇంకోవైపు నడుస్తారు. ఒక కాగితం ముక్క తడపలేదు, అంతే. దాని వెనకాల ఎంత దూరమైనా తప్పుదారి పరుచుకుంటూ పోగలదు.

"తగ్గించకు" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి నోట నువ్వు వచ్చేసింది. "నీ పులుపులో ఏ తప్పూ లేదు. గుళికలు పస్తు ఉన్నాయి. నేనే పస్తు పెట్టాను."

డాక్టరమ్మకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది. చుక్కలక్క అన్నీ చెప్పింది. వాన, పన్నెండు నిమిషాలు, రెండు అర్థాల మాట, తడపని కాగితం, ఏడు గీతలు. డాక్టరమ్మ చెంచాని తక్కెడ పక్కన పెట్టింది.

"రెండు వారాలక్కా" అంది చివరికి. గొంతు పెంచలేదు. "రెండు వారాలుగా నా చేతుల్ని నేనే అనుమానిస్తున్నా."

"తెలుసు."

"ఏడు అని రాసినప్పుడే ఒక మాట చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

డాక్టరమ్మ పొడిని మళ్లీ మొదటి లెక్కకు సర్ది, సీసా మూత బిగించింది. ఇద్దరూ కలిసి పెద్దసారు గదికి నడిచారు.

పెద్దసారు మీసాలాయన్ని కూడా పిలిపించాడు. షిఫ్టు మారే వేళ కాబట్టి ఆయన ఇంకా వెళ్లలేదు. ఆయన వచ్చి, సంగతి విని, మీసం ఒకసారి సవరించుకున్నాడు.

"నేను రాసింది తెలుగే కదా సార్. సీసాలో మేత అయిపోయింది. అయిపోయిందంటే అయిపోయిందనే."

"ఆవిడ చదివింది కూడా తెలుగే" అన్నాడు పెద్దసారు.

"చూసుకోగలరు అని కూడా రాశాను."

"ఏం చూసుకోవాలో రాయలేదు."

"ఆ వారం స్టోర్సు వాళ్లు సీసాలు ముప్పావు వంతే నింపి పంపారు సార్. అందుకే ముందే ఖాళీ అయింది. అక్క ఎలాగూ కాగితం తడుపుతుంది, అన్నీ ఆవిడ చూసుకుంటుంది అనుకున్నా." ఆయన చుక్కలక్క వైపు చూడలేక గోడ గడియారం వైపు చూశాడు. "అయితే ఇక నా పని అయిపోయినట్టే."

పెద్దసారు కలం బల్ల మీద పెట్టాడు. "ఆ మాట ఈ గదిలో ఇంకొక్కసారి ఎవరి నోట విన్నా ఊరుకోను."

డాక్టరమ్మ వచ్చిన నవ్వును ఆపుకుంది. చుక్కలక్క మాత్రం నవ్వలేదు.

"తప్పు మాటది కాదు సార్. ఆయనదీ కాదు. ఆయన నా మీద నమ్మకంతో వెళ్లిపోయాడు, నేను ఆయన మీద నమ్మకంతో మీట తిప్పాను. మాట ఎలా ఉన్నా కాగితం నిజం చెప్పేది. నేను అడగలేదు."

పెద్దసారు ఆ పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత సొరుగు తెరిచి, ఎర్ర కలం తీసి, దాన్ని బల్ల మీద ఆవిడ వైపు దొర్లించాడు. చుక్కలక్క తీసుకుని, తన పేజీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత గీసింది. అంచు కుట్టే ఇల్లాలి కూతురు కదా, గీత తిన్నగానే వచ్చింది. కింద రాసింది: "మేత ముగియకముందే వేడి పెంచాను. కాగితం తడపలేదు."

"ఆ కిటికీ దగ్గర బల్ల..." అని మొదలుపెట్టాడు పెద్దసారు.

"తెలుసు సార్."

శుక్రవారం మీటింగులో ఎర్రగీత పేజీనే ముందు పెట్టారు. రెండో గ్లాసు గుళికలతో ఇంకొక్కసారి చేసి చూడమన్నారు. చివరి అవకాశమని మూడుసార్లు అన్నారట.

ఇంట్లో అత్తగారు మంచం మీద కూర్చుని అంతా విన్నది. "వీధంతా చెప్పేశాను కదమ్మాయ్" అంది.

"వీధికి మళ్లీ చెప్పండి అత్తయ్యా."

"ఏమని చెప్పను?"

"కుర్చీ అయిపోయిందని."

అత్తగారు కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత మంచం తలవైపున్న దిండు తీసి, కోడలి నడుం వెనకాల పెట్టి, వంటింట్లోకి వెళ్లింది.

రెండో మేత సోమవారం మొదలైంది. చుక్కలక్క స్టూలు మీద కూర్చుంది. మేత సీసా రెండుసార్లు నిండుకుంది, రెండుసార్లు నింపింది. రెండువందల ముప్పై దగ్గర వేడిని ఆపి, అరగంటకోసారి కాగితం తడిపి పట్టింది. మొదటిది తెల్లగానే ఉంది. రెండోది ఎండుగడ్డి రంగు. అయిదోది టీ రంగు. డాక్టరమ్మ వెనకాల నిలబడి ఉంది, ఎప్పటిలాగే గ్లాసులో టీ చల్లారిపోతోంది.

"ఇది చాలదా అక్కా?"

"ఇక్కడే కదా పోయినసారి మోసపోయింది. ఉండండి."

ఏడో కాగితం మూతికి పట్టీపట్టకముందే నల్లబడింది. బొగ్గు నలుపు, కిటికీ వెలుతురులో కూడా నలుపే. అయినా వెంటనే మీట తిప్పలేదు. ఇంకో కాగితం తడిపి పట్టి, దాన్నీ నల్లబడనిచ్చి, రెండింటినీ పక్కపక్కన అతికించింది. ముగిసేసరికి కొలపాత్రలో పదకొండు గీతలకు రెండు చుక్కలు తక్కువ. ఆ రెండూ గొట్టం చివర వేలాడుతూ ఆలోచిస్తున్నాయి. అవి పడేదాకా ఆవిడ లేవలేదు.

ఫలితం అద్భుతంగా ఏమీ రాలేదు. పదమూడు, పన్నెండు, పదకొండు. ఒకరోజు పొద్దున తొమ్మిదిన్నర వచ్చింది, మర్నాడు మళ్లీ పదకొండు. పదికి అటూ ఇటూ ఊగిసలాడింది. కానీ పాత గుళికల పద్దెనిమిదితో పోలిస్తే అది వేరే దారి. డాక్టరమ్మకు ఇంకో ఏడాది ఇచ్చారు. "మొండివే మిగిలాయక్కా" అంది ఆ కాగితం చూపిస్తూ. "రేకులు ఇంకా చిన్నవి కావాలి."

"మా అమ్మైతే చేతిరుమాలు కన్నా చిన్నది కుట్టనని తెగేసి చెప్పేది. మీరు కుట్టండి."

కిటికీ దగ్గర బల్ల వేశారు. వీపు ఆన్చుకునే కుర్చీ కూడా వచ్చింది. అందులో మీసాలాయన కూర్చున్నాడు. ఆయనకే ఇచ్చారు. ఇచ్చిన రోజు ఆయన చుక్కలక్క దగ్గరికి వచ్చి, "వద్దంటానక్కా, ఇది నీది" అన్నాడు. "నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, బోర్డు మీద బాగుంటాయి. వెళ్లు" అంది ఆవిడ.

కొత్తవాళ్లు నలుగురు చేరిన మొదటి రోజు ఆయన సుద్దతో బోర్డు మీద "అయిపోయింది" అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాని పక్కన "ముగిసింది" అని, కింద "సీసా ఖాళీ" అని రాశాడు. తర్వాత షిఫ్టు పుస్తకం తెరిచి, ఎర్రగీత ఉన్న పేజీని బల్ల మీద పరిచాడు.

"ఈ పేజీ ఎవరిదని మాత్రం అడక్కండి" అన్నాడు గొంతు తగ్గించి. "మాట ఎవరు రాసినా సరే, కాగితం మీరే తడపాలి. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు."

నాలుగో గొట్టం కింద, స్టూలు మీద నుంచి, తల ఎత్తకుండానే చుక్కలక్క అంది. "నాదే. మెల్లగా చెబుతావేంటన్నా, వెనకున్నవాళ్లకి వినపడొద్దూ?"

నలుగురూ ఒక్కసారి అటు తిరిగారు. ఆవిడ నడుం వెనక, గోడకి ఆనించి, ఇంటి నుంచి తెచ్చుకున్న దిండు ఉంది. చూపు గొట్టం చివరే ఉంది. అక్కడ ఒక చుక్క పొట్ట నింపుకుని, కిటికీని, బల్లని, కుర్చీని, బోర్డు మీది కొట్టేసిన మాటని, అన్నిటినీ తలకిందులుగా తనలో పట్టుకుని, ఇంకా జారకుండా ఉంది.

"పద్నాలుగు" అంది ఆవిడ తనలో తను. చుక్క అప్పుడు జారింది.